నెలనెలా ఇస్తాను, ఒకేసారి ఇవ్వను

కుటుంబ న్యాయస్థానం మధ్యవర్తి శ్రీ రామమోహనరావు గారి సముఖమునకు,
భిలాయి, సెక్టర్ 4 నివాసి, రోలింగ్ మిల్లు ఆపరేటర్ కె. పార్థసారథి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విడాకుల పరిష్కారపు చర్చల నుండి పరాయి మనిషిని బయటికి పంపుట గురించి.

తమరు తెలుగువారని విని తెలుగులో వ్రాస్తున్నాను. హిందీలో నాకు ఇంత కోపం రాదు.

1. నా భార్య మణిమాల నన్ను విడిచి, మిల్లులో నా తర్వాతి షిఫ్టుకు వచ్చే రిలీవర్ హరినాథ్‌తో ఉంటున్నది. రిలీవర్ వచ్చి చార్జి తీసుకోనిదే కదలరాదన్నది మా నిబంధన. సదరు హరినాథ్ ఏనాడూ వేళకు రాలేదు. పాపం ట్రాఫిక్కేమో అనుకున్నాను. నేనక్కడ కాలు కదపకుండా నిలబడినంతసేపూ మా వంటింట్లో టీ తాగుతున్నాడని తదుపరి తెలియవచ్చినది.

2. భరణం నెలనెలా చెల్లించుటకు నేను సిద్ధము. మణిమాల ఒప్పుకొనదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోతుంది గనుక, నా ప్రావిడెంట్ ఫండులో సగం ఒకేసారి కావాలట. అనగా వారి పెళ్లికి పెట్టుబడి నాది!

3. క్రిందటి వాయిదాలో తమ సమక్షంలోనే హరినాథ్ కుర్చీ లాక్కుని కూర్చుని, "భాయ్‌సాబ్, ఒక్కపాలే ఇచ్చేయండి. హిసాబ్ క్లియర్ అయిపోద్ది, మీకూ టెన్షనుండదు" అన్నాడు. ఏ హోదాలో? నేను నోరు తెరవగానే మణిమాల, "ఏటి, నెలనెలా నీ ముందు చెయ్యి చాపాలా? నీ మొహం గుర్తు చేసుకోవాలా?" అన్నది. తమరు మంచినీళ్లు తాగినారు.

4. పోతూ పోతూ కూలర్ కూడా పట్టుకుపోయినది. మే నెలలో భిలాయిలో కూలర్ లేని క్వార్టరు ఎట్లుండునో తమకు విన్నవించనక్కరలేదు. సుపేలా బజారులో ఎండలో నిలబడి బేరమాడి కొన్నది నేను. ఇప్పుడు దాని ముందు లుంగీ కట్టుకుని పడుకుంటున్నది హరినాథ్. నాకు ఒళ్లు మండిపోతున్నది సార్.

కావున ఒకేసారి చెల్లింపు మాట కొట్టివేసి, హరినాథ్‌ను గుమ్మం బయటే నిలిపి, నా కూలర్ నాకు ఇప్పించవలెననియు, లేనియెడల నేను చచ్చినా సంతకం పెట్టననియు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. పార్థసారథి

తా.క.: ఇది మిల్లులోనే కూర్చుని వ్రాస్తున్నాను. షిఫ్టు అయిపోయింది, వాడు ఈవేళా రాలేదు. నెలనెలా ఇస్తాననడం డబ్బు మిగుల్చుకోవడానికి కాదండి. ఒకేసారి ఇచ్చేస్తే మణికి నాతో ఇక పనే ఉండదు. నెలనెలా అయితే, ఒక్కరోజు ఆలస్యం చేసినా ఫోన్ చేసి తిడుతుంది. ఈ ముక్క మాత్రం వాడి ముందు చదవకండి.