నీ మొక్కులు, నా అరికాళ్లు

జగిత్యాల

లసుమవ్వకు,
నన్ను పోలీసులు పట్టుకున్నది నిజమే, వదిలేసింది కూడా నిజమే. కంగారుపడకు.

కొండగట్టు అంజన్న గుడి నాకు దగ్గరని మొక్కులు నువ్వు మొక్కి, గుట్ట నన్ను ఎక్కిస్తున్నావు. బర్రె ఈనిందని ఎండల్లో ఎక్కితే అరికాళ్లు బొబ్బలెక్కాయి. నీ తమ్ముడు పాసయ్యాడని వానల్లో ఎక్కితే మెట్ల మీద జారిపడ్డాను. నిన్న చలిలో ఎక్కుతుంటే హెడ్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఎండల అచ్చినవ్, వానల అచ్చినవ్, మల్ల అచ్చినవ్. పైన అడవిల దాగిన అన్నలకు సద్దులు మోస్తున్నవా?"

"మా ఇంటిది మొక్కింది సారూ" అన్నాను.

ఆయన నిట్టూర్చి, "మా ఇంట్ల గూడ గంతే. పో" అన్నాడు.

దూడ పాలు తాగుతోందా? ఇటు వచ్చేవాళ్లతో గొంగడి పంపు.

ఇంకో మాట. పట్టుకున్నప్పుడు భయంతో నేనూ మొక్కాను, వదిలితే వచ్చే ఎండాకాలం నువ్వు ఎక్కుతావని. అంజన్న నీ అరికాళ్లను చల్లగా చూడాలి.

మల్లేశం