కుడి మూలకు ఆరు తూటాలు

పుణె, సోమవారం

పాండురంగ్ కాకాకు సులోచన నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్‌లో చెబితే నలభై ఏళ్లు మగ్గాల మోత విన్న నీ చెవులకు వినబడదు. నీకు వినబడేటట్టు చెబితే ఈ హాస్టల్ మొత్తానికి వినబడుతుంది. ఇది హాస్టల్‌కు వినబడవలసిన సంగతి కాదు.

కాకా, నేను నిన్న తుపాకి పేల్చాను.

ఎవరి మీదా కాదు, కాగితం మీద. ఇక్కడ ట్రైనింగ్‌కు వచ్చిన లెక్చరర్లం నలుగురం ఆదివారం ఏం చేయాలో తోచక ఊరి బయట ఉన్న షూటింగ్ రేంజికి వెళ్లాం. ఆధార్ కార్డు చూసి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని, నిజమైన రైఫిల్ చేతికిచ్చారు. చెవులకు పెద్ద డొప్పలు, కళ్లకు అద్దాలు. నాకైతే అద్దాల మీద అద్దాలు. కోచ్ పేరు ఋతుజ. నా విద్యార్థుల కంటే చిన్నదిలా ఉంది. "మేడమ్, ఊపిరి సగం వదిలి ఆపండి. ట్రిగ్గర్‌ను గుంజకండి, మెల్లగా నొక్కండి" అని మరాఠీలో చెబుతూ పక్కనే నిలబడింది.

పది తూటాలు పేల్చాను. నాలుగు ఎటు పోయాయో తెలియదు. ఆరు కాగితానికి తగిలాయి, అన్నీ పైన కుడి మూలలో. గురి పెట్టవలసిన నల్లటి గుండ్రం మధ్యలో ఉంది. దాని జోలికి ఒక్క తూటా కూడా పోలేదు.

నేను ఎలాంటి మనిషినో నీకు తెలుసు. గ్యాస్ కట్టేశానా లేదా అని సగం దారిలో రిక్షా వెనక్కి తిప్పించేదాన్ని. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తత్వశాస్త్రం చెబుతూ ఆ జబ్బునే పిల్లలకు పాఠంగా అంటిస్తున్నాను. అలాంటిది, ఆ పది తూటాల సేపు నాకు ఏ అనుమానమూ రాలేదు కాకా. బయటికొచ్చి చాయ్ తాగుతుంటే మాత్రం అన్నీ ఒకేసారి వచ్చాయి. ఇది మంచి పనేనా? నాకెందుకు నచ్చింది? నచ్చినందుకు సిగ్గుపడాలా?

ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. నీ దగ్గర దాచు.

దుప్పట్లు నేసే నీ జకార్డు మగ్గం సంగతి నేను మర్చిపోలేదు. వ్యాపారికి నచ్చే కొత్త డిజైన్ నక్షా నెలాఖరులోగా ఒక్కటి రాకపోతే దాన్ని భంగార్‌వాలాకు ఇనుము కింద అమ్మేస్తానని నీ కొడుకు విశాల్ అన్నాడని చెప్పావు. పుణెలో ఏదైనా కొత్త రకం కనబడితే పంపమన్నావు. ఇంకా దుకాణాలు తిరగలేదు. కోప్పడకు.

నీ అన్న బిడ్డ,
సులోచన

తా.క.: ఆ కాగితం ఎవరైనా చూసి అడిగితే చెదలు కొట్టాయని చెప్పు.

*

షోలాపూర్, నీలం నగర్, శుక్రవారం

సులోచన బిడ్డకు కాకా దీవెనలు. ఇక్కడ అందరం మంచిగున్నం, మగ్గం ఒక్కటి తప్ప.

నాది ఏడో తరగతి దాకా తెలుగు బడి చదువు. నీ లెక్క రాయరాదు. మాట్లాడినట్టే రాస్తున్న.

బిడ్డా, నక్షా దొరకలేదని రాసినవ్, నక్షా లోపలనే పెట్టినవ్! ముసలోనికి పరీక్ష పెడుతున్నవా? కాగితం వెలుతురుకు పట్టంగనే నా కండ్లకు తెలిసింది. కింద రెండు చిల్లులు, వాటి మీద మూడు, ఆ పైన ఒక్కటి ఒంటిగ. మొగ్గ విచ్చుతున్నట్టు. నలభై ఏండ్ల సంది జకార్డు అట్టలకు చిల్లులు పొడుస్తున్న. చిల్లున్న కాడ పోగు లేస్తది, లేని కాడ లేవది. ఒక్క చిల్లు తప్పు పడ్డదంటే చద్దర్ మీద నెమలికి మూడో కాలొస్తది. నాకు తెల్వదా?

పుణెల ఇప్పుడు తుపాకితోని పొడుస్తున్నరా? మేము సుత్తె పట్టుకొని కూసునే నడుములు పోగొట్టుకుంటిమి. కానీ అంచులు చినిగినయ్ బిడ్డా. నీకు మొద్దు తుపాకి ఇచ్చినట్టున్నది. ఆ పోరిని గట్టిగ అడుగు, సిగ్గుపడకు.

ఊరికె పేల్చిన అని రాసినవ్. కాగితానికి ఊరికె చిల్లులు ఎవరన్న పెడతరా? అంత సదువుకున్నదానివి.

ఇప్పుడు ఎడమ మూలకు గూడ ఇదే మొగ్గ గావాలె, అద్దంల చూసినట్టు తిప్పి. ఆరే ఉండాలె, ఏడు వద్దు. కాగితం ఇంటికి పంపకు, విశాల్ చూస్తడు. వ్యాపారి అవునన్నదాక వానికి చెప్పేది లేదు, "బాబా, మళ్ల మొదలువెట్టినవా" అంటడు. విడీ ఘర్కుల్ బీడీ కాలనీల మీ యశోదత్త ఇంటికి పంపు, నేను పోయి తెచ్చుకుంట. కాగితం మీద పేరు గూడ రాయకు.

నీ కాకా,
పాండురంగ్

తా.క.: యశోద కాగితం చూసింది. చెదలు అన్న. "చెదలు ఆరు లెక్కపెట్టుకొని తింటయా అన్నా?" అన్నది. బీడీలు చుట్టేదాని ముంగట లెక్కల అబద్ధం నడువది.

*

పుణె, సోమవారం

కాకాకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాకా, అది నక్షా కాదు. గురి తప్పిన తూటాలు. నువ్వు మొగ్గ అంటున్నది నా చేతి వణుకు. రేంజికి వచ్చేవాళ్లు ఊరికే, సరదాకు పేలుస్తారు. అట్టలు పొడవడానికి కాదు. ఈ ముక్క నీకు అర్థమయ్యేలా రాయాలని రెండు రాత్రులు కూర్చున్నాను. రాసిన కొద్దీ "మరి సరదా అంటే ఏమిటి?" అని నాకే అర్థం కాకుండా పోయింది.

అయినా నిన్న మళ్లీ వెళ్లాను. నీ మాట తీసేయలేక వెళ్లానో, నాకే వెళ్లాలనిపించి నీ మాట అడ్డం పెట్టుకున్నానో చెప్పలేను.

ఎడమ మూలకు గురి పెట్టాను. ఋతుజ దూరం నుంచి దుర్భిణిలో చూసి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, పది మార్కులు మధ్యలో ఉన్నాయి!"

"తెలుసు. నాకు మూల కావాలి."

"మూలకు సున్నా, మేడమ్."

"మా కాకా అడిగాడు."

ఆ అమ్మాయి నన్నూ తుపాకినీ మార్చి మార్చి చూసి, మిగిలిన తూటాల పెట్టెను మెల్లగా తన వైపుకు జరుపుకుంది.

కానీ విచిత్రం చూడు, పదింటిలో మూడు సరిగ్గా నేను అనుకున్నచోటే పడ్డాయి. మిగతావి కాగితం దాటిపోయాయి. నా జన్మలో అనుకున్నది అనుకున్నచోట పడటం ఇదే మొదలు. కాగితం పంపుతున్నాను. నువ్వు మర్చిపోతావని దాని అంచునే నాలుగు మాటలు రాశాను: "కుడి మూల అయింది. ఎడమ మూలకు ఇప్పటికి మూడు. మిగతావి వచ్చే ఆదివారం. అప్పటిదాకా మగ్గం అమ్మకు." నువ్వు చెప్పినట్టే పేరు రాయలేదు.

ఇట్లు, తప్పు చేస్తున్నానేమో అనుకుంటూ,
సులోచన

తా.క.: మొద్దు తుపాకి ఇచ్చారా అని నిజంగానే అడిగాను. ఋతుజ ఇప్పుడు నాతో ఇంకొంచెం మర్యాదగా మాట్లాడుతోంది.

*

నీలం నగర్, శుక్రవారం

బంగారు చేతుల సులోచనకు కాకా దీవెనలు.

నీ సంగతి నాకు కొత్తనా? పదో తరగతిల ఫెయిల్ అయిత అని మూడు రోజులు అన్నం తినలే. తీరా చూస్తె ఫస్ట్ క్లాస్. నువ్వు కాదు అన్నవంటె అవును అన్నట్టే. నక్షా కాదు అని ఇన్ని తీర్ల రాసినవ్ గనుక ఇది మంచి నక్షా అని నాకు ఖాయమయ్యింది.

ఎడమ దిక్కు మూడు చిల్లులు కొలిచిన. దారం అంత గూడ తేడా లేదు. రెండు కాగితాలు కార్ఖానా తలుపుకు లోపలి దిక్కు మేకు కొట్టి తగిలిచ్చిన, గ్రాఫ్ గీసేటప్పుడు కండ్ల ముంగట ఉండాలె గద. విశాల్‌తోని భయం లేదు. మగ్గం బందైనంక వాడు కార్ఖానాల అడుగు పెడుతలేడు.

అసలు వానికి ఏమైందో నాకు సమజ్ అయితలేదు బిడ్డా. బుధవారం భంగార్‌వాలాను తోలుకొచ్చి మగ్గం చూపిస్త అన్నడు. నేను ఇంట్ల లేను, కాగితాలు తగిలిచ్చిన సంగతి చెప్పనీకి యశోద ఇంటికి పోయి ఉన్న. వచ్చి చూస్తె భంగార్‌వాలా లేడు, వీడు గడప మీద కూసోని చెమటలు తుడుచుకుంటున్నడు. ఆ దినం సంది నన్ను చాయ్‌కి ఒక్కణ్ణి పంపుతలేడు. కార్ఖానాకు కొత్త తాళం తెచ్చిండు. "బాబా, నీకు ఎవరితోనన్న పాత పంచాయతి ఉన్నదా?" అని కాగితం మీద మరాఠీల రాసి అడిగిండు. ఉన్నది, నూలు తూకంల మోసం చేసిన శేట్‌తోని, గాని వాడు సచ్చి పదేండ్లాయె అని రాసిన. వాని మొఖం ఇంక తెల్లగైంది.

ముసలితనంల కొడుక్కు నా మీద ప్రేమ పుట్టినట్టున్నది. మంచిదే. మిగిలిన మూడు జల్ది పంపు.

నీ కాకా,
పాండురంగ్

తా.క.: నల్ల గుండ్రం నడుమ ఎందుకు పెట్టిన్రు? చద్దర్ నడుమ అంత నలుపు మంచిగుండది. తీసెయ్యుమను.

*

పుణె, సోమవారం

కాకాకు,

పడ్డాయి! మూడూ పడ్డాయి. ఉత్తరం మర్యాదగా మొదలుపెట్టే ఓపిక కూడా లేదు, అందుకే ముందు ఇది రాశాను. ఇప్పుడు నమస్కారం.

ఏడు తూటాలు పేల్చేసరికి మొగ్గ పూర్తయింది. "మేడమ్, మీరు మధ్యకు గురి పెడితే జిల్లా పోటీలకు పంపవచ్చు" అంది కోచ్. సరే కదా అని మిగిలిన మూడూ మధ్యకు గురి పెట్టాను. ఒక్కటి కూడా కాగితానికి తగలలేదు. పదికి పది మార్కుల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు, తూటాలకు ఆ సంగతి తెలిసిపోయినట్టుంది.

నీకు అబద్ధం పంపుతున్నానేమో అన్న బెంగ మాత్రం పోలేదు. వ్యాపారి కాదంటే నీ మగ్గం పోతుంది, ఆ పాపంలో నాకూ వాటా ఉంటుంది. ఔనంటే నా చేతి వణుకు చద్దర్లయి ఊళ్లో మంచాల మీద పరుచుకుంటుంది. రెంటిలో ఏది మేలో తెలియడం లేదు.

ట్రైనింగ్ ఈ వారంతో అయిపోతుంది. కాగితం అంచున ఎప్పటిలాగే గుర్తు కోసం రాశాను: "ఇవి చివరి మూడు. పని పూర్తయింది. శనివారం నేనే స్వయంగా వస్తున్నాను."

విశాల్‌ను డాక్టరుకు చూపించు. చెమటలు పట్టడం, ముఖం పాలిపోవడం మంచి లక్షణాలు కావు.

నీ బిడ్డ,
సులోచన

తా.క.: నల్ల గుండ్రం తీసేయమని అడిగాను. అది తీసేస్తే రేంజి మూసేయాలట.

*

నీలం నగర్, గురువారం, స్పీడ్ పోస్ట్

సులోచన బిడ్డా, ఈసారి దీవెనలు ఆఖరుకు. ముందు సంగతి విను.

బుధవారం నీ కాగితం తలుపుకు తగిలిచ్చి, మూడు చిల్లులు గ్రాఫ్‌ల ఎక్కించి, వ్యాపారి దగ్గరికి పోయిన. అటు ఇటు తిప్పి చూసిండు. "పాండురంగ్ శేట్, ఇది కప్పుకున్నోనికి దోమలు కుట్టినయ్ అనుకుంటరు" అని వాపస్ ఇచ్చిండు. మన నక్షా ఒప్పలే బిడ్డా.

కాళ్లు గుంజుకుంట ఇంటికొచ్చి విశాల్‌తోని అన్న: "ఇగ నాతోని గాదు. మగ్గం అమ్మెయ్."

వాడు ఉరికిపోయి తలుపు పెట్టిండు. "హళూ బాబా, మెల్లగ మాట్లాడు! మగ్గం అమ్ముతలేం."

"ఏంది?"

"మెల్లగ!"

"చెవిటోనికి మెల్లగ చెప్తె ఎట్ల వినబడతదిరా, గట్టిగ చెప్పు!"

ఇట్ల కొంచెంసేపు ఒర్లుకున్నంక వాడు నన్ను కార్ఖానాలకు తీస్కపోయి తలుపుకున్న కాగితాలు చూపించిండు.

"తూటాలు పేల్చిన కాగితాలు బాబా ఇవి! లోపల మేకు కొట్టి పోయిన్రు! నాకు తెలుగు చదవరాదు. పోయిన బుధవారం రెండోది ఫొటో తీసి, అశోక్ చౌక్‌ల చాయ్ దుకాణంల ఒక ముసలాయనతోని చదివించిన. ఆయన గట్టిగ చదివిండు. చౌక్ మొత్తం విన్నది. 'అప్పటిదాకా మగ్గం అమ్మకు' అట! భంగార్‌వాలా నా పక్కనే ఉన్నడు. 'భావూ, నాకిద్దరు పిల్లలు' అని చాయ్ సగంల ఇడిసి పోయిండు. ఇయ్యాల ఇంకోటి, అదిగూడ ఆయనతోనే చదివించిన. 'పని పూర్తయింది, శనివారం నేనే స్వయంగా వస్తున్న' అట. ఎవనితోని పెట్టుకున్నవ్ బాబా?"

నేను నవ్విన. నవ్వితె వాడు ఇంక భయపడ్డడు. గాని నవ్వు దిగినంక మనసు పట్టలే బిడ్డా. నిజం చెప్తె మగ్గం పోతది. చెప్పకపోతె కొడుకు ఎండిపోతడు. చెప్పేసిన. "అరె పిచ్చోడా, అవి మన సులోచనక్క పంపిన కాగితాలు. అక్కనే తుపాకి పేల్చింది."

వాడు తలుపు గడియ మళ్ల ఒకసారి చూసొచ్చిండు.

"అక్కనా?"

"అవును."

"నా పెండ్లిల పటాకులు కాలుస్తుంటె చెవులు మూసుకొని బియ్యం బస్తాల ఎనుక కూసున్న అక్కనా?"

"అవునురా."

"గల్లీ దాటనీకి రెండుసార్లు ఎనుకకొచ్చే సులోచనక్కనా?"

"ఆమెనే."

నా భుజం మీద చెయ్యి పెట్టి, "బాబా, నువ్వు ఎవర్నో కాపాడుతున్నవ్. లేకపోతె భయంతోని నీ దిమాగ్ కదిలింది" అన్నడు. నీ ఉత్తరాలు చూపిస్త అన్న. "తెలుగుల ఏమన్న రాసుకోవచ్చు" అన్నడు. మూడుసార్లు చెప్పిన. మూడోసారి నీళ్లు తెచ్చి తాగించిండు.

ఇయ్యాల పొద్దుగాల వాడే మోటరుకు కొత్త బెల్టు తెచ్చి ఎక్కించిండు. వాడే నూనె పోసిండు. "శనివారం లోపల మగ్గం నడవాలె బాబా. వచ్చేటోనికి సప్పుడు గల్లీ మూల దాక వినబడాలె" అన్నడు. నక్షా? పాత నెమలిదే. రెండేండ్ల తర్వాత మగ్గం నడుస్తున్నది బిడ్డా. సప్పుడు నాకు వినబడది, అరికాళ్లకు తెలుస్తది.

నువ్వు ఊరికె అన్నవ్. నేను ఊరికె కాదన్న. మనిద్దరిల ఎవరిది తప్పో నాకైతె సమజ్ కాలే. నువ్వు సదువుకున్నదానివి, వచ్చినంక చెప్పు.

ఇప్పుడు దీవెనలు.

నీ కాకా,
పాండురంగ్

తా.క.: విశాల్ నీకు రాయమన్నడు. పుణెల తుపాకులోళ్లు తిరుగుతున్నరట, అక్కను ఒంటిగ ఎక్కడికి పోవద్దను అన్నడు. శనివారం స్టేషన్‌కు తానే వచ్చి నిన్ను జాగ్రత్తగ ఇంటికి తోలుకొస్తడట.