ఊపలేని కప్పు

శివకుమారక్కా,

ఫోన్ చేస్తే నేను నోరు తెరవకముందే ఏడుస్తున్నావు. అందుకే సెలవు మీద మనూరికి వస్తున్న గిరి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మేకల దాణా మూట దించబోయి జారిపడ్డాను. కుడి భుజం దెబ్బతింది, అంతే. దిండ్లకు ఆనుకుని పడుకుంటే నొప్పి ఓర్చుకోగలుగుతున్నాను. నాకు నిద్ర లేనిమాట నిజమే గాని, అది నొప్పి వల్ల కాదు, కాఫీ వల్ల.

మా యజమాని తండ్రి జాలిపడి, రోజూ సాయంత్రం నన్ను మజ్లిస్‌లో, అంటే వాళ్ల చావడిలో, పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ పోస్తాడు. ఈ అరబ్బుల ఇళ్లలో చాలనుకుంటే ఖాళీ కప్పును అటూఇటూ ఊపి ఇవ్వాలి. లేకపోతే మళ్లీ పోస్తారు. కప్పేమో కుడిచేత్తోనే పట్టుకోవాలి. ఊపబోతే భుజం ప్రాణం తీస్తుంది. నోటితో చాలంటే మొహమాటమనుకుని, "యల్లా, కానీ కానీ, తాగు" అంటాడు. ఇక తెల్లవార్లూ కళ్లు మిటకరించుకుని ఉంటాను.

ఈ డ్రైవర్ డ్యూటీ పోతుందని నీకున్న భయం నాకూ లేకపోలేదు. కొత్త డ్రైవర్ కోసం యజమాని ఫోన్లు చేస్తుంటే విన్నాను. నిన్న పళ్లు బిగబట్టి కప్పు ఊపాను. కొంచెమే ఊగింది. ముసలాయన కేకేసి కొడుకును పిలిచాడు. "చూడు, చెయ్యి ఆడుతోంది! వీడే నడుపుతాడు, ఇంకొకడు వద్దు" అన్నాడు. యజమాని సరేనన్నాడు.

ఆ సంతోషంలో ముసలాయన నా కప్పులో మళ్లీ కాఫీ పోశాడు.

ఇట్లు,
ఇంకా మేలుకునే ఉన్న
నీ తమ్ముడు