బల్లకు దూరం

న్యూ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

ప్రభువు పేరిట మీకు మీ ఆలిస్ వందనాలు. నేను బాగానే ఉన్నాను. మీరక్కడ చక్రధర్‌పూర్‌లో వేళకు తిని క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయాను గాని, చెయ్యి రాలేదు.

మీ ఉత్తరం అందింది. బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను. వంటింటి కప్పు మీద తారు షీటు వేయించాను, కారడం ఆగింది. పక్క క్వార్టర్ సింహాచలమ్మ గారి కూతురికి ఆడపిల్ల పుట్టింది. మీరడిగినవి ఇవే. రెండు పేజీల ఉత్తరంలో సిరిల్ పేరు ఒక్కచోటా లేదు. కన్నకొడుకు కంటే కప్పు ఎక్కువైపోయిందా మీకు? ఫోన్‌లో వాడి పేరెత్తగానే పెట్టేస్తారు. ఉత్తరానికి ఆ సదుపాయం లేదు కదా, చివరిదాకా చదవండి. పోస్టులో వేసి ఎదురుచూసే ఓపిక లేక, మీ వైపు డ్యూటీకి వస్తున్న రైలు గార్డు జాయ్ చేతికిచ్చి పంపుతున్నాను.

వాడి కళ్లు పచ్చబడిపోయాయి. పొట్ట ఉబ్బింది, కాళ్లు వాచాయి, పక్క మీంచి లేవలేకపోతున్నాడు. తాగుడు లివర్‌ని తినేసింది, ఇంటికి తీసుకెళ్లి ఏం కావాలంటే అది పెట్టండి అన్నాడు డాక్టరు. ఏం కావాలిరా అని అడిగాను. అన్నం అడగలేదు, మందు అడగలేదు. ప్రభువు బల్లలో చెయ్యి వేయాలని, ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలని ఉందన్నాడు.

ఇక్కడే మీకు ఒళ్లు మండుతుందని తెలుసు. ఆ బల్ల మీది వెండి గిన్నెనే కదా వాడు ఎత్తుకెళ్లి తాగుడికి అమ్ముకున్నది. ఆ ఆదివారం సంఘమంతా కూర్చుని ఉండగా, సంఘపెద్దగా మీరే లేచి కొడుకు పేరు చదివి, వీడికి రొట్టె, ద్రాక్షారసం ఇవ్వకూడదని చెప్పారు. ఆ తర్వాత బదిలీ రాయించుకుని వెళ్లిపోయారు. మీరు చేసింది తప్పని నేననను. కానీ వాడు చివరి బెంచీలో కూర్చుని అంతా విన్నాడు, ఆ రోజు నుంచి ఇంకా ఎక్కువ తాగాడు.

మొన్న మన చర్చి జ్ఞానరత్నం అయ్యగారు వచ్చి వాడి మంచం పక్కన కూర్చున్నారు. వాడు దొంగతనం దగ్గర్నుంచి అన్నీ ఒప్పుకుని ఏడ్చాడు. అయ్యగారు కూడా ఏడ్చారు. పెద్దలు సరేనంటే బల్ల ఇంటికే తెస్తానన్నారు. నేను వెంటనే సంఘపెద్ద సూసన్న గారింటికి పరిగెత్తాను. ఆయన తలెత్తకుండా ఒకటే మాటన్నారు.

"దూరం పెట్టింది తండ్రమ్మా. ఆయన సెప్పకుండా మేమెలాగ కలుపుకుంటాం? రేపు ఆయన మొకం ఎలాగ సూస్తాం?"

మీ మీది గౌరవంతో నా బిడ్డను ఆకలితో పంపించేస్తున్నారు. మర్యాద మనవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

ఇక దాచిన మాట చెబుతాను. ఈ నెల మొదటి ఆదివారం నేను బల్లకు వెళ్లాను. అయ్యగారు నా అరచేతిలో రొట్టె పెట్టారు. నోట్లో వేసుకున్నట్టు చెయ్యెత్తి, ఆ ముక్కను కొంగున ముడేసుకున్నాను. ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, వాడి నోటి దగ్గర పెట్టాను. వాడు పెదవులు బిగించేశాడు.

"ఇదెక్కడిదమ్మా? నీకెవులిచ్చినారు?"

నేను ముడి విప్పిన కొంగును చాటుకు లాక్కున్నాను. వాడికి అర్థమైపోయింది.

"మనింట్లో దొంగని నానొక్కడ్ని సాలమ్మా. నాన్న ఇమ్మంటే తింతాను."

అలా అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఏవండీ, నాకు భయంగా ఉంది. స్వస్థత ఇమ్మని అడిగి అడిగి నా మోకాళ్లు కాయలు కాశాయి. వాడు బతుకుతాడన్న ఆశ నాకిక లేదు. తండ్రి తనను కలుపుకున్నాడని తెలిసి కళ్లు మూస్తే చాలు. పాపుల ఇళ్లలో భోజనానికి కూర్చున్నాడని ప్రభువు మీద కూడా పెద్దలు గొణిగారు. ఆయన మధ్యలో లేచి వెళ్లిపోలేదు. మన ఇంట్లో లేచి వెళ్లిపోయింది మీరు. కోపం తగ్గకపోతే కోపంతోనే రండి, రైలెక్కడానికి పాస్ ఉంటే చాలు కదా. రాలేకపోతే సూసన్న గారికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి.

ఆ రొట్టెముక్క తినే ధైర్యం నాకు లేదు, పారేయడానికి చేతులు రావు. గిన్నె కింద మూసిపెట్టాను. మీ మాట వచ్చేలోగా వాడికి తెలివి తప్పితే, ఇక వద్దనడానికి వాడికి నోరుండదు. అప్పుడు నేనే దాన్ని వాడి నాలుక మీద పెడతాను. ఆ పై ఆదివారం మీరు వచ్చి, సంఘం ముందు నిలబడి, నా పేరు కూడా చదవండి.

ఇట్లు,
మీ భార్య, సిరిల్ తల్లి
ఆలిస్