సారు సీసా, అమ్మ మోకాళ్లు

పెనుకొండ, 1984. శుక్రవారం రాత్రి.

నన్ను సర్కారు బంగళా వాచ్‌మన్‌గా పర్మనెంట్ చేసే కాగితం మీద రేపు పెద్ద ఇంజనీరు సంతకం పెట్టాలి. ఆయనకివ్వాలని మా ఇంజనీరు సారు తెప్పించిన స్కాచ్ విస్కీ సీసా, సీలు తెగి, సగమై నా ముందుంది.

"షెర్రీ అని ద్రాక్షసారా ఉంటాది. అది పోసిన పీపాల్లో ఏండ్లు మాగినదబ్బా ఇది. గింజలకు పొగబెట్టి చేస్తారు దీన్ని. కొన్ని సీసాలే అమ్మకానికి వదిలినారంట, మళ్లీ యాడా దొరకదు. బంగళా బీరువాకు తాళం లేదు, నీ ఇంట్లో పెట్టు" అన్నాడు సారు నిన్న.

అయిదు పూటలా నమాజు చేసే అమ్మకు ఇంట్లోకి సారాయి తెచ్చానని ఎలా చెప్పను? సారు కాళ్ల నొప్పుల తైలం అన్నాను. మూత తీస్తే ఒకటే పొగ వాసన, ఆసుపత్రి వాసన. నమ్మక ఏం చేస్తుంది? నేను డ్యూటీలో ఉండగా గుడ్డ తడిపి తడిపి మోకాళ్లకు కట్టుకుంది.

గ్లాసులో నీళ్లకు టీ డికాక్షన్ కలిపి చూశాను. రంగు కుదిరింది. ఆ పొగ వాసన ఎక్కడినుంచి తేను? సీలు ఎట్లా అతికించను? సారుకు నిజం చెబితే ఉద్యోగం పోతుంది. అమ్మకు చెబితే... ఆ మోకాళ్లతోనే ఇవాళంతా నమాజు చేసింది.

ఇందాక కర్ర లేకుండా నడిచొచ్చింది.

"ఎన్నాళ్లకో ఈపొద్దు నొప్పి లేకుండా నమాజులో వంగినా నాయనా. మీ సారు సల్లగుండాలని దువా చేసినా" అంటూ నా తల నిమిరింది. ఆ చెయ్యంతా పొగ వాసన.