చిల్లుల రేకు కుర్చీ

తమ్ముడు మహిపాల్‌కు,

ఫోన్‌లో చెప్పే ముఖం లేక రాస్తున్నాను. ఇనుప పైపులు వంచి, చిల్లుల రేకు బిగించి నువ్వు చేసి పంపిన కుర్చీని ఫొటో తీయడానికి కామారెడ్డి నుంచి మనుషులను తీసుకురాకు. అది ఇంట్లో లేదు.

మొన్న పక్కింటి భూదవ్వ పోయింది. శవానికి స్నానం చేయించడానికి కుర్చీ కావాలని వచ్చారు. "చిల్లులున్నయి, నీళ్లు నిలువయి, గదే ఇయ్యి అక్కా" అన్నారు. కాదనలేకపోయాను. శవాన్ని కూర్చోబెట్టిన కుర్చీని మళ్లీ ఇంట్లోకి ఎలా తెచ్చుకోను? వాడకట్టు వాళ్లు దాన్ని ఇక అలాంటి పనికే ఉంచుకున్నారు. నీ కష్టాన్ని శవాల పాలు చేశానని సిగ్గుతో చచ్చిపోతున్నాను.

బీడీలు చుట్టి చుట్టి వంగిపోయిన భూదవ్వ అందులో నిటారుగా కూర్చుంది. కొడుకు రాజేశం చూసి ఏడ్చాడు. "మా అవ్వ గింత సక్కగ కూసున్నది నేనెన్నడు సూడలే" అన్నాడు.

ఎల్లారెడ్డి నుంచి,
మీ అక్క