ఆమేన్ అనేలోగా చల్లారిన గుజ్జు

జూన్ 1, సోమవారం. పొద్దున్నే.

సహోదరీ, ఇవాళ నీ బిడ్డ నోట్లో ఏం పెట్టావు? డబ్బా పొడా? ప్యాకెట్ బిస్కెట్టా? పెట్టేముందు ఆ ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఏం రాసుందో చదివావా?

నేను చదివాను, భూతద్దం పెట్టి మరీ. సగం మాటలకు నా నోరు తిరగలేదు. నా నోరే తిరగనిది నా బిడ్డ నోట్లోకి ఎలా పోతుంది?

అందుకే తీర్మానం. పిల్లకు ఏడో నెల వచ్చింది. నలభై రోజులపాటు ఈ గడప లోపలికి ప్యాకెట్ రాదు. రోజుకొక సహజాహారం నా చేత్తో వండుతాను, రోజూ బ్లాగులో రాస్తాను. బ్లాగు పేరు ‘సృష్టికర్త వంటిల్లు’. నలభయ్యే ఎందుకంటే వాక్యంలో, అంటే పరిశుద్ధ గ్రంథంలో, ఏ పెద్ద పని చూసినా నలభయ్యే. వాన నలభై, కొండ మీద నలభై, అరణ్యంలో నలభై.

మావారు లిఫ్టులు బాగుచేస్తారు. పనికి వెళ్తూ గుమ్మంలో ఆగి, “అరణ్యంలో నలభై రోజులూ ఉపవాసం కదోయ్. పిల్లకి ఆ మాట చెప్పావా?” అన్నారు. లిఫ్టు మనిషి, పైకీ కిందికీ తప్ప చుట్టుపక్కలకు చూడరు.

అసలు సంగతి ఇంకోటుంది. కాన్పుకు ముందు మా చర్చి సహోదరీల కూటంలో ప్రసంగం నాదే. నేను ఏ కాలేజీలోనూ వాక్యం చదవలేదు. అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అయినా నేను నిలబడితే వెనక బెంచీలో కునికేవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. పిల్ల పుట్టాక “విశ్రాంతి తీసుకో” అన్నారు. ఆ మాట ఎంత మర్యాదగా ఉందో అంత మర్యాదగా మైకు వేరే చేతికి వెళ్లిపోయింది.

నిన్న కూటం పెద్దక్క ఫోన్ చేసింది. “చెల్లీ, వచ్చే నెలాఖరు శనివారం తల్లుల కూడిక. బ్లాగు పెడుతున్నావటగా. పిల్లని తీసుకొచ్చి అందరి ముందూ తినిపించు, నాలుగు మాటలు చెప్పు. బాగుంటే ఇక నెలనెలా నువ్వే.”

మైకు. నా మైకు.

తెచ్చినవి: గుమ్మడికాయ (పిల్ల కంటే బరువు), క్యారెట్లు, ఆపిల్ పళ్లు, తెల్ల గిన్నె, చెక్క చెంచా. చెంచా ఫొటో కోసం.

అదే రోజు, మధ్యాహ్నం.

గుమ్మడి ఉడికించి, మెదిపి, గిన్నెలో పెట్టి, ఫొటో తీసి, ప్రార్థన మొదలుపెట్టాను. విత్తనం వేసినవాళ్ల కోసం, నీళ్లు పెట్టినవాళ్ల కోసం, కాయను బండిలో మోసినవాళ్ల కోసం, ప్యాకెట్ తింటున్న లోకంలోని పసిపిల్లలందరి కోసం. కళ్లు తెరిచేసరికి గుజ్జు మీద పొర కట్టింది. పిల్ల కుర్చీలో తల వాల్చేసింది. లేపి ఒక చెంచా పెట్టాను. ఆలోచించింది. తరవాత నా భుజం మీద ప్రచురించింది.

బ్లాగులో శీర్షిక: ‘మొదటి ముద్దకే పులకింత’. ఎవరికి పులకింతో రాయలేదు. కాబట్టి అబద్ధం కాదు.

జూన్ 2, మంగళవారం.

బ్లాగు తొమ్మిదిసార్లు తెరిచారు. అందులో ఆరుసార్లు నేనే. మిగతా మూడూ పై వాటాలో టైలరమ్మ. ఆమెకూ మా పిల్ల వయసు బాబే. “అక్కా, మీరు రాసిందల్లా చేసి చూస్తా” అని కింద రాసింది. ఆ వాక్యం పది సార్లు చదివాను. మళ్లీ ఒక ఆత్మ నా మాట వింటోంది.

జూన్ 4, గురువారం.

క్యారెట్. ప్రార్థన పూర్తయ్యేసరికి పిల్ల జలప్రళయంలో ఓడ తలుపు మూసినట్టు నోరు మూసేసింది. సరే, ముందు చెవుల్లోంచి వెళ్దామనుకున్నాను. రాజుగారి పళ్లెం వద్దని కాయగూరలు తిని ముఖాలు కళకళలాడించిన కుర్రాళ్ల కథ చెప్పాను. కళ్లార్పకుండా విన్నది. ఇంత మంచి శ్రోత నాకు ఏ కూటంలోనూ దొరకలేదు. నోరు మాత్రం తెరవలేదు.

అత్తయ్య గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. సాయానికని నెల రోజులు ఉండటానికి వచ్చింది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయింది. ఉద్యోగం అయిపోయినా ఆ టికెట్ల తోలుసంచి భుజం మీంచి దిగలేదు, స్నానానికి వెళ్తే తలుపు గడియకు తగిలిస్తుంది.

“అమ్మాయ్,” అంది, “దానికి వాక్యం అరిగింది. ఇక కాస్త తిండి పెట్టు.”

“ఆత్మకు ముందు, శరీరానికి తరవాత అత్తయ్యా.”

“శరీరం దిగిపోతే ఆత్మ ఎక్కడ కూర్చుంటుందమ్మా?”

 

శీర్షిక: ‘క్యారెట్ ముందు కళ్లార్పని నా కూతురు’. నిజమే కదా.

జూన్ 9, మంగళవారం.

ఆపిల్, బంగాళాదుంప, మెత్తటి అన్నం, పెసరపప్పు కట్టు. ఫలితం: భుజం, భుజం, గోడ, మావారి చొక్కా.

అయితే ఒక అద్భుతం జరిగింది. డాక్టరమ్మ పిల్లను తూకం వేసి, “భలే పెరిగిందండీ, ఏం పెడుతున్నారు?” అంది. నా చేత్తో చెంచాడు తినని పిల్ల బుగ్గలు ఉబ్బి, తొడలు మడతలు పడి, ఉయ్యాల కొక్కెం కిర్రుమంటోంది. పాలు తాగుతోంది, నిజమే. కానీ పాలు అంతకుముందూ తాగింది.

ఇంటికొచ్చి గ్రంథం తెరిచాను. వాగు ఒడ్డున దాక్కున్న ప్రవక్తకు కాకులు తిండి తెచ్చిపెట్టిన చోట తెరుచుకుంది. ఒళ్లు జలదరించింది. నా బిడ్డకు కనిపించని చేయి తినిపిస్తోందన్నమాట. పెద్దగా చదివి వినిపించాను. అత్తయ్య సంచి బకిల్ గట్టిగా బిగించుకుని, “స్తోత్రం” అంది.

శీర్షిక: ‘గిన్నె ఊడ్చిన బుజ్జి, బరువు పెరిగిన బుజ్జి’. రెండోది నిజం. మొదటిది విశ్వాసం.

జూన్ 12, శుక్రవారం.

బ్లాగుకు జనం పెరిగారు. కూటం మొత్తం చదువుతోందట. ఖాళీ గిన్నె ఫొటోలు అడుగుతున్నారు. ఖాళీ గిన్నె కావాలంటే ఎవరో ఒకరు తినాలి.

మావారు తింటున్నారు.

“ఏమోయ్, నాకు పళ్లొచ్చి చాలా ఏళ్లయింది, గమనించావా?” అన్నారు చెక్క చెంచా నాకుతూ.

“రేపు చిలగడదుంపండీ.”

“గట్టిగా ఉంటుందా?”

“మెదుపుతాను.”

ఆయన ప్యాంటు వదులైంది. బ్లాగు వల్ల ఇంట్లో ఒక్కరైనా సహజంగా మారారు.

సాయంత్రం.

టైలరమ్మ మెట్లు దిగి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది, బాబు చంకలో ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“అక్కా, మీ పాప గిన్నె ఊడుస్తుందని రాశారు. మావాడు చెంచా చూస్తేనే ఏడుస్తున్నాడు. మీరు రాసినట్టే వండాను, ఒక్కటీ తప్పలేదు. మా ఆయన కూడా అంటున్నాడు, ఆవిడ పిల్ల తింటోంది కదా, నీ చేతిలోనే ఏదో ఉందని.” టేపు చివర వేలికి చుట్టుకుంది. “నా చేతిలోనే లోపం ఉందా అక్కా?”

అప్పుడే చెప్పాల్సింది. శనివారం గుర్తొచ్చింది, మైకు గుర్తొచ్చింది. “ప్రార్థన ఇంకా పెంచు చెల్లీ” అన్నాను.

తలూపి మెట్లెక్కింది.

జూన్ 16, మంగళవారం.

బ్లాగు రాయలేదు. కారణాలు: కరెంటు పోయింది (కాసేపే). మిక్సీ మూత కనబడలేదు (పిల్ల చేతిలో ఉంది). ఎల్లప్పుడూ రాస్తూ ఉండటం గర్వానికి దారి తీస్తుంది (ఇది ఇప్పుడే కనిపెట్టాను).

జూన్ 20, శనివారం.

రాయలేదు. ఏడో రోజున విశ్రాంతి అని ఆజ్ఞ. నేను రెండో రోజునా, మూడో రోజునా కూడా తీసుకున్నాను. ఆజ్ఞను మించి పాటించాను.

పాత ఫొటోనే తిప్పి పెట్టాను. గిన్నె ఇటు కాకుండా అటు.

జూన్ 26, శుక్రవారం.

రేపే కూడిక. పిల్ల అందరి ముందూ నోరు మూసుకుంటే? మావారు “నేను తింటాలే” అన్నారు. ఈ మనిషి నిజంగా ప్రేమిస్తున్నారు.

జూన్ 27, శనివారం. ఇంటికొచ్చాక.

ఉన్నదున్నట్టు రాస్తాను.

హాలు నిండింది. పిల్లను ఒళ్లో పెట్టుకుని అత్తయ్య మొదటి వరసలో, సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది. మూడో వరసలో టైలరమ్మ, బాబు. ఫ్లాస్కులో వేడి వేడి గుమ్మడి గుజ్జు. పెద్దక్క మైకు ఇచ్చింది. పట్టుకోగానే ఏడాది బరువు దిగిపోయింది. తినిపించే ముందు నాలుగు మాటలన్నారు కదా. ప్రసంగం ఎత్తుకున్నాను.

“తల్లులారా, ప్యాకెట్ నోళ్లు మూతపడాలి. ఆమేన్?”

“ఆమేన్” అంది హాలు.

“డబ్బా పొడి మన గడప దాటి బయటికి పోవాలి. ఆమేన్?”

“ఆమేన్.”

ఎక్కడో కిసుక్కున నవ్వు వినిపించింది. ఆత్మ కదులుతోంది అనుకున్నాను. గొంతు పెంచాను. బిస్కెట్టును వదల్లేదు, దాని రంగును వదల్లేదు, మెరిసే కాగితాన్ని వదల్లేదు. ఒక్కో ఆమేన్‌కీ నవ్వు వరస నుంచి వరసకు పాకుతోంది. పెద్దక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి మావారు రెండు చేతులూ ఊపుతున్నారు, లిఫ్టు పడిపోతోందన్నట్టు.

ఆయన చూపించిన వైపు చూశాను.

హాలంతా ఆమేన్ అన్నప్పుడల్లా నా కూతురు పిచ్చుక పిల్లలా నోరు బార్లా తెరుస్తోంది. అత్తయ్య నా మాటలకు తలాడిస్తూనే, చూపు నా మీదే నిలిపి, చేతిని మాత్రం తోలుసంచిలోకి పోనిచ్చి, టికెట్టు చింపినంత ఒడుపుగా బిస్కెట్టు తుంచి పిల్ల నోట్లో పెడుతోంది. పిల్ల కరిగించుకుని మింగి తరవాతి ఆమేన్ కోసం ఎదురుచూస్తోంది. పిల్ల గడ్డం మీద, బొజ్జ మీద, అత్తయ్య ఒళ్లో, అంతా బిస్కెట్టు పొడే.

ప్రవక్త కాకి తోలుసంచి తగిలించుకుని నా ఎదురుగానే కూర్చుంది.

“అత్తయ్యా” అన్నాను. మైకులోనే.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. పిల్ల మెడ సాచి ఆ ముక్కను అందుకుంది. హాలు కూలిపోయింది. నవ్వి నవ్వి ఒకావిడ బెంచీ కిందికి జారింది.

నవ్వనిది ఒక్కతే, టైలరమ్మ. బాబును పొదివి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. ఆ చూపులో అదే ప్రశ్న.

ఇక మైకు పోతే పోయిందనుకున్నాను. “చెల్లీ,” అన్నాను ఆమెతో, “ఈ పిల్ల ఇన్నాళ్లలో నా చేత్తో ఒక్క ముద్ద తినలేదు. ఆ ఖాళీ గిన్నెలన్నీ మా ఆయన ఖాళీ చేసినవి. నీ చేతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా నా రాతలో ఉంది.”

టైలరమ్మ లేచింది. “నిజంగానా అక్కా? ఒక్క ముద్ద కూడా?”

“ఒట్టు పెట్టకూడదు గానీ, ఒక్కటి కూడా.”

ఆమె కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే నవ్వింది. “రోజూ చచ్చిపోయాను కదక్కా” అంది. అంతే, నాలుగు వైపులా మొదలైంది. మావాడు గోడ మీద ఊస్తాడు. మాది టీవీ పెడితేనే మింగుతుంది. మావాడు తిన్నాడని నేనూ మా అత్తకు అబద్ధమే చెప్పాను. అందరూ ఒకేసారి.

అత్తయ్య లేచి నిలబడింది. “జరగండి, జరగండి, ఒక్కొక్కరే” అంది. హాలు సర్దుకుంది. “నేను బిస్కెట్టు పెట్టింది తప్పే. కానీ మా కోడలు ప్రార్థన మొదలుపెడితే చివరి స్టాపు దాకా ఆగదు. ఈలోగా గుజ్జు గడ్డకడుతుంది, పిల్ల నిద్రపోతుంది. ప్రార్థన లేకుండా పెట్టడానికి నాకు మనసొప్పదు. అందుకని ఆమేన్ ఒక్కటి అని పెట్టేదాన్ని. దానికి అదే అలవాటయింది.” నా వైపు తిరిగింది. “ఫ్లాస్కు తియ్యమ్మాయ్. వేడిగా ఉందిగా. అను ఒక్క మాట.”

గిన్నెలో పోశాను. ఆవిరి లేస్తోంది, ఊదాను. వాక్యాలు గొంతుదాకా వచ్చాయి, విత్తనం వేసినవాళ్ల దగ్గర్నుంచీ. అన్నీ మింగేశాను.

“ఆమేన్.”

నోరు తెరిచింది. పెట్టాను. మింగింది. మళ్లీ తెరిచింది. సగం గిన్నె అయ్యాక ముఖం తిప్పుకుంది. సగమే. ఆ సగం ఎవరూ ఫొటో తియ్యలేదు.

పెద్దక్క నా చేతిలోంచి మైకు తీసుకుంది. “వచ్చే నెల కూడా నువ్వే చెల్లీ,” అంది, “కానీ ఆకలేసేలోగా ముగించు.”

జూన్ 29, సోమవారం. పొద్దున్నే.

మళ్లీ మొదటి రోజు. మళ్లీ నలభై.

పాత శీర్షికలన్నీ దిద్దాను. ‘గిన్నె ఊడ్చిన బుజ్జి’ ఇప్పుడు ‘గిన్నె ఊడ్చిన బుజ్జి వాళ్ల నాన్న’. ఇంత మంది ఏనాడూ చదవలేదు. టైలరమ్మ కింద రాసింది: “మావాడు ఇవాళ రెండు చెంచాలు, ఒకటి బయటికి వచ్చింది.”

అత్తయ్య సంచి బోర్లించి చూపించింది. పాత టికెట్ల కట్ట, ఈల, రెండు బిస్కెట్లు. ఇంట్లో ప్యాకెట్ ఉండకూడదు కాబట్టి చెరొకటి తినేశాం. బాగుంది. ఇది బ్లాగులో రాయను.

సరే, రాస్తాను.

సహోదరీ, నువ్వింకా చదువుతున్నావా? నీ పొయ్యి మీద ఏముందో అదే చాలు, నా గుమ్మడికాయ కోసం చూడకు. ‘సోమవారం నుంచి మొదలుపెడతా’ అనకు, పంచాంగంలో సోమవారాలకు కొదవ లేదు. ఫోన్ బోర్లా పెట్టు. నీ బిడ్డ తినకపోతే తినలేదని పక్కింటి తల్లికి ఇవాళే వెళ్లి చెప్పు, ఆమె కూడా ఎదురుచూస్తోంది. ఒక్క మాట అను, ఒక్క చెంచా ఎత్తు. గిన్నె చల్లారుతోంది, అక్కడ నోరు తెరిచే ఉంది. లే, ఇప్పుడే పెట్టు.